అట్ట మీది ఆఖరి వరుస

ఇటు జరగండమ్మా, నా మంచం పట్టె దగ్గరికి వచ్చి కూర్చోండి. గట్టిగా చెప్పే సంగతి కాదిది. కింద నా కొడుకు శివరాములు టైలర్ షాపులో జాకెట్ల కొలతలకు వచ్చిన ఆడవాళ్లు ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారు. కుట్టుమిషన్ ఆగిందంటే పైన మేం గుసగుసలాడినా వాళ్ల చెవిన పడుతుంది. అమీర్‌పేటలో గోడలు మరీ పలుచన. పక్క హాస్టల్లో ఎవరో పిల్లవాడు దగ్గితే మా ఉష ఇక్కడ కషాయం పెడుతుంది.

ఆ పొద్దున మా ఇంట్లో గొడవ గోడకు కొట్టిన ఒక మేకు గురించి.

"ఆ మేకు పీకు," అంటోంది నా కోడలు ఉష. చేతిలో పప్పుగుత్తి అలాగే ఉంది.

"మేకు నీకేం జేసిందమ్మా?" అన్నాడు సురేశ్. వాడు నా పెద్ద మనవడు. మైత్రీవనం వెనక సందులో, బ్యాంకు పరీక్షలకు పిల్లల్ని తయారుచేసే సెంటర్లో లెక్కలు చెబుతాడు.

"మేకు కాదు. దానికి ఏలాడుతున్నది పీకు."

దానికి వేలాడుతున్నది కంటి డాక్టర్ల దగ్గర ఉండే అట్ట. పైన ఒకే ఒక్క పెద్ద అక్షరం, కిందికి దిగేకొద్దీ చీమల బారులా సన్నబడిపోయే ఇంగ్లీషు అక్షరాలట. సురేశ్ పంజాగుట్టలో ఒక కళ్లద్దాల షాపువాణ్ని బతిమాలి తెచ్చాడు. అదొక్కటే కాదు, వేరే వేరే అక్షరాలవి మరికొన్ని తెచ్చి, చుట్టగా చుట్టి బీరువా మీద పెట్టాడు.

అట్టకు ఎదురుగా, వంటింటి గడప దగ్గర, అరచేత్తో ఎడమ కన్ను మూసుకుని నిలబడి ఉంది నా మనవరాలు భావన. వైమానిక దళంలో హెలికాప్టర్ నడుపుతుంది. సెలవు మీద వచ్చింది. మర్నాడు పొద్దున ఊరి చివర వాళ్ల యూనిట్లో దానికి కళ్ల పరీక్ష.

"మూడో వరుస," అన్నాడు సురేశ్, చెక్క స్కేలుతో అట్ట మీద తట్టి.

భావన చెప్పింది. ఎక్కడా తడుముకోలేదు.

"నాలుగు."

చెప్పింది.

"చూస్తున్నవా, చెప్తున్నవా?" అంది ఉష.

 కింద శివరాములు మిషన్ గడగడా తిరుగుతూనే ఉంది. ఇంట్లో మాట పెరిగితే నా కొడుకు పెడల్ జోరు పెంచుతాడు. పుట్టినప్పటి నుంచీ వాడిది అదే తీరు, గొడవైతే ఏదో ఒక చప్పుడు చాటుకు పోతాడు.

పంజాగుట్టలో ఫణీంద్ర అనే కంటి డాక్టరు అన్న మాట ముందు మీకు చెప్పాలి. నా శుక్లాలు చూపించాలని ఇంట్లో చెప్పి నన్ను వెంటబెట్టుకుపోయింది భావన. ఆటో దిగాక మెల్లగా, "బాపమ్మా, ముందుగాల నేను చూపించుకుంట, నువ్వు జర కూసో," అంది. నేను అక్కడే బల్ల మీద కూర్చున్నాను. చూపు మందగించింది గానీ నా చెవులకేం రోగం లేదు.

కంటి ముందు గడియారం అద్దంలాంటి పొర ఒకటి ఉంటుందట. మా పిల్ల కుడి కంటికి ఆ పొర పలుచబడిపోయి, ముందుకు ఉబికి, మొనదేలుతోందట. అందుకే ఒక దీపం రెండుగా, మూడుగా, తోకలు వచ్చినట్టు కనిపిస్తుందట. కళ్లద్దాలతో పూర్తిగా సరికాదు. మందు చుక్కలు వేసి నీలం వెలుతురు పట్టి ఆ పొరను గట్టిపరిస్తే ముదరకుండా ఆపవచ్చు. పోయిన చూపు మాత్రం వెనక్కి రాదు.

"ఈ కంటితో పైకి ఎగరొద్దమ్మా. ముందు మీ డాక్టర్లకు చెప్పు," అన్నాడాయన.

చెబితే నేల మీదికి దింపుతారు. మళ్లీ ఎక్కనివ్వరు. అది భావనకు తెలుసు. బయటికి వచ్చాక ఆటో కోసం నిలబడి, "బాపమ్మా, నీ శుక్లం సంగతి అడగడమే మర్శిపోయిన," అని నా భుజం మీద తల పెట్టింది. అంత పొడుగు పిల్ల, వంగి. కన్ను సంగతి ఆ రాత్రే ఇంట్లో అందరికీ చెప్పింది.

సరే, ఆ పొద్దున మాటకు వస్తాను.

"అమ్మా, దునియాల ఏ పరీక్షకైనా మోడల్ ఉంటది," అన్నాడు సురేశ్. "పాత పేపర్లు తిరగేస్తె కొత్త పేపర్ల ఏం వస్తదో ఎర్కైతది. గిది సుత గంతే. తిప్పి తిప్పి గివే అట్టలు, గివే వరుసలు. బట్టీ కొడితె ఖతం."

"యంత్రం వెడితె? పంజాగుట్టల డాక్టరు వెట్టిండట గద, ఎర్రగ పచ్చగ బొమ్మ వచ్చిందట."

"చదువుతుంటె ఆగితెనే, తేడా కొడితెనే యంత్రం దాక పోతది. భావననే చెప్పింది. గందుకే తేడా కొట్టొద్దంటున్న. రేపు గట్టెక్కితె మళ్ల ఏడాది దాక అడిగెటోడు లేడు. నడుమ సెలవు వెట్టి గా నీలం లైటు వెట్టించుకుంటది. ఎవ్వలకు తెల్వది."

"హెలికాప్టర్‌కు తెలుస్తది," అంది ఉష.

వాణ్ని తప్పుపట్టకండి. వాడు దుర్మార్గుడు కాదు. మా గల్లీలో అడుగుకొక జిరాక్స్ షాపు, మలుపుకొక స్టడీ హాలు. ప్రశ్న ముందే తెలుసుకోవడాన్నే ఇక్కడ చదువంటారు. రాకపోతే మెటీరియల్ సరిగా లేదంటారు. వాడు ఆ గాలి పీల్చి పెరిగాడు. చెల్లెలి కన్ను పాడైందంటే వాడికి తోచిన వైద్యం ఇంకొంచెం మెటీరియల్.

"నీ తాపత్రయం నాకు తెల్వదనుకోకు," అంది ఉష, గొంతు తగ్గించి. "మీ సెంటర్ ముంగట ఫ్లెక్సీ మీద దీని ఫొటో ఏసుకున్నరు. ఒక్కనాడు ఆడ కూసోని చదవలే ఇది. రేపు దింపుతరంటె ఫ్లెక్సీ సుత దింపాలె గద."

సురేశ్ మొహం నల్లబడిపోయింది. స్కేలు కింద పెట్టాడు.

"గంత మాట అనకమ్మా."

"మరి ఏమనాలె?"

"మీరిద్దరు ఆపుతరా?" అంది భావన. ఇంకా కన్ను మూసుకునే ఉంది. "ఐదో వరుస అడుగన్నా."

అంతలో మెట్ల మీద గాజుల చప్పుడు. సురేశ్ చటుక్కున అట్టను గోడవైపుకు తిప్పేశాడు.

వచ్చినావిడ సీతామహాలక్ష్మి. శ్రీనగర్ కాలనీలో ఉంటారు, కోస్తా వాళ్లు. ఆవిడ కొడుకు తారక్, మా భావన ఒకే హెలికాప్టర్లో పక్కపక్కన కూర్చుని నడుపుతారు. ఆ పరిచయంతోనే జాకెట్లన్నీ మా శివరాములు దగ్గరే కుట్టించుకుంటుంది. కొలతలు ఇచ్చాక పైకి వచ్చి నన్ను పలకరించకుండా పోదు.

"పెద్దమ్మగారూ, బాగున్నారా? ఉష గారూ, మీరు కాఫీ అంటూ లేవకండి, తాగే వచ్చాను." కూర్చుంటూనే గోడ వంక చూసింది. "క్యాలెండర్ తిరగేశారేంటి?"

"దాని మీద బొమ్మ బాగలేదమ్మా," అంది ఉష.

"మా ఇంట్లోనూ అంతే, ఎవరో ఇస్తారు, తగిలించుకోక తప్పదు. అన్నట్టు, మా వాడికి సంబంధం కుదిరింది. వచ్చే నెల నిశ్చితార్థం. జాకెట్లు ఆరు తెచ్చాను, మీ వారు ఒక్కసారి నిట్టూర్చి తీసుకున్నారు." ఆవిడ నవ్వింది. భావన వైపు తిరిగింది. "నీకు చెప్పాడా తల్లీ?"

"చెప్పిండు ఆంటీ. ఫొటో సుత చూపిచ్చిండు."

"వచ్చే వారం మీరిద్దరూ వరద డ్యూటీకి వెళ్తున్నారటగా. మిగతా వాళ్లతో వెళ్తే నాకు అన్నం దిగదు. నువ్వు పక్కన ఉన్నావంటే నిశ్చింత. వాణ్ని క్షేమంగా తెచ్చి పీటల మీద కూర్చోబెట్టే పూచీ నీదే."

భావన చేతి వెనకభాగంతో కుడి కన్ను నలుపుకుంది.

"కన్ను నలపకు," అంది ఉష. పంజాగుట్ట నుంచి వచ్చినప్పటి నుంచీ అది దాని నోటికి అలవాటైపోయింది. అన్నాక నాలుక కరుచుకుంది.

"ఎర్రగా ఉందేంటమ్మా?" అని ముందుకు వంగింది సీతామహాలక్ష్మి.

"దుమ్ము ఆంటీ," అన్నాడు సురేశ్. "మెట్రో కింద మస్తు దుమ్ము."

"నిజమే, నిజమే. చన్నీళ్లతో కడుక్కో. మీ కళ్లు మీవి కావు, దేశానివి." ఆవిడ లేచింది. నా పాదాలు తాకింది. మనసులో కపటం లేని మనిషి. నా నోటికి దీవెన వెంటనే రాలేదు. గొంతు సవరించుకుని ఏదో అన్నాను.

గాజుల చప్పుడు మెట్లు దిగిపోయింది. గేటు మూసుకుంది.

ఉష కూర్చోలేదు, సురేశ్ అట్ట తిప్పలేదు. భావన నా మంచం కోడు పట్టుకుని నేల మీద కూలబడింది.

"అమ్మా," అంది. "ఆమె కొడుకును నేను పోయిన నెల సంపుతుంటిని."

"ఏం మాటలు బిడ్డా."

"నిజం. పొలాల నడుమ దిగాలె మేము. నేనే నడుపుతున్న. ముంగట కరెంటు తీగ ఉన్నది. నాకు అది రెండు గీతల్లెక్క కనబడ్డది. ఏది తీగనో ఏది నీడనో తెల్వలే. నీడ అనుకొని దాని మీదికే పోయిన. తారక్ చెయ్యి వెట్టి పక్కకు తిప్పిండు." ఊపిరి తీసుకుంది. "ఏమైందే అని అడిగిండు. ఎండ కండ్లల్ల కొట్టిందని చెప్పిన. నవ్విండు. నేను సుత నవ్విన."

పొయ్యి మీద పప్పు అడుగంటుతున్న వాసన వచ్చింది. ఎవరూ లేవలేదు.

అప్పుడు గమనించాను, కింద మిషన్ చప్పుడు లేదు. శివరాములు మెట్ల మొదట్లో కాదు, పైమెట్టు మీదే నిలబడి ఉన్నాడు. మెడలో టేపు, చెవి మీద సుద్దముక్క. ఎప్పటి నుంచి విన్నాడో.

"బాపూ," అంది భావన.

వాడు లోపలికి వచ్చి, పొయ్యి ఆర్పి, కూతురి ముందు కూర్చున్నాడు. ఇంతసేపూ ఉష ఆ నోరు తెరవని మనిషి కోసమే ఎదురుచూసింది. వద్దు బిడ్డా, ఇంక ఎగరకు అంటాడని దాని ఆశ. నా ఆశ కూడా అదే.

"రేపు ఒక్కపారి పాసైపో బిడ్డా," అన్నాడు శివరాములు.



"ఇన్నరు గద ఇప్పుడే?" అంది ఉష. "తీగ మీదికి పోయిందట. చెవులున్నయా మీకు?"

"ఇన్న."

"ఇని గా మాట అంటున్నరా?"

"నువ్వు చూడలేదు ఉషా." వాడు కూతురి వంక చూడకుండా, టేపు వేలికి చుట్టుకుంటూ చెప్పాడు. "మొదటిపారి యూనిఫాం ఏసుకొని గల్లీలకు వచ్చిననాడు నేను షాపుల ఉన్న. ఎవలో పోతున్నరనుకున్న. నడక పోల్చుకోలేదు. మన పిల్ల చిన్నప్పుడు గోడ పట్టుకొని, తల వంచుకొని నడిచేది. కొలతలు తీసెటోని నేను, మనిషి నిలబడే తీరు నాకు తెలుస్తది. గా నడక పోతది. బట్టలు తీసుకున్నా ఫికర్ లేదు, గా నడక తీసుకుంటరు."

"ప్రాణం పోతె నడక ఏడ ఉంటది?"

"నీలం లైటు వెట్టిద్దాం. జల్ది వెట్టిద్దాం. రేపటి మట్టుకు గట్టెక్కితె..."

"మీ అయ్యకొడుకులది ఒక్కటే పాట."

"నేల మీద వేరే పని ఇస్తరంట గద," అన్నాను నేను. ఊరుకోలేక అన్నాను.

భావన నా వైపు తిరిగింది. దాని కుడి కంట్లోంచి నీళ్లు కారుతున్నాయి, ఏడుపు వల్లో జబ్బు వల్లో నాకు తెలియలేదు.

"ఇస్తరు బాపమ్మా. ఆఫీసుల కుర్చీ ఇస్తరు. తారక్ వాళ్లు పైకి లేస్తుంటె కిటికీ అద్దంలకెల్లి చూసుకుంట కూసోవాలె. చూడగలుగుతనా నేను? అసలు నాకు ఇంకో పని వస్తదా? ఇంటర్ నుంచి ఇదొక్కటే నేర్చుకున్న. నిద్రల లేపి అడిగినా చేతులు నడుపుతయి." రెండు చేతులూ ముందుకు చాపింది. "గీ చేతులు ఏం పాపం జేసినయి? కన్ను ఖరాబైతె చేతులను ఎందుకు దింపాలె?"

ఉష దాని చేతులు పట్టుకోబోయింది. అది లాక్కుంది.

"వద్దు, నన్ను ఓదార్చకు. నువ్వు ఓదారిస్తె నేను రేపు నిజం చెప్పేస్త." లేచి నిలబడింది. "అన్నా, అట్ట తిప్పు. ఆఖరి వరుస ఇంక రాలె."

మధ్యాహ్నం ఎవరూ సరిగా తినలేదు. మాడిన పప్పు గిన్నె సింకులో నానుతూ ఉంది. శివరాములు మళ్లీ కిందికి పోయాడు గానీ మిషన్ తిరగలేదు. అట్ట తరువాత అట్ట గోడకెక్కి దిగింది. సురేశ్ స్కేలు టకటక కొట్టడం, భావన చెప్పడం. ఉష నాకు చిక్కుడుకాయలు ఇచ్చి, తాను వంటింట్లో గోడకు మొహం పెట్టి కూర్చుంది. దీపాలు పెట్టే వేళయింది. పక్క హాస్టల్లో పిల్లలు బకెట్ల కోసం కొట్లాడుకుంటున్నారు.

"ఆఖరి వరుస."

"జెడ్, వి, ఓ... హెచ్, సి..." ఆగింది. "మళ్ల అడుగు."

"ఆఖరి వరుస."

"జెడ్, వి, ఓ, హెచ్, సి..."

"సి తర్వాత?"

భావనకు రాలేదు. పొద్దుటి నుంచీ అన్నీ నోటికి వచ్చాయి, ఆ ఒక్క వరుస దగ్గర మాత్రం తడబడుతోంది. సురేశ్‌కూ ఓపిక అయిపోయింది.

"సి తర్వాత ఏందే?"

"డి, ఎన్, ఆర్, కె," అన్నాను.

ఈనెలు తీస్తూ తీస్తూ అనేశాను. తెలిసి అనలేదు. మా పుట్టింటి వాళ్లు దుబ్బాకలో చీరలు నేసేవారు. అంచులో రంగుల వరుస తప్పకుండా ఉండాలని మా నాయన నోటితో పాడుకుంటూ నేసేవాడు. ఎరుపు, ఎరుపు, పసుపు, నలుపు అని. మగ్గం పక్కన నూలు కండెలు అందించే పిల్లను నేను. ఆయన ఒక రంగు మరిచిపోతే నా నోటి నుంచి దానంతట అదే వచ్చేది. ఒకే పాట చెవిన పడుతుంటే నా నోరు ఆగదు.

స్కేలు చప్పుడు ఆగింది.

ముగ్గురూ నా వైపు తిరిగారు. ముగ్గురూ అని ఆకారాలను బట్టి చెబుతున్నాను. ఆ వెలుతురులో నాకు మొహాలు తెలియవు. గోడ తెలుస్తుంది. గోడ మీద ఏదో తెల్లగా ఉందని తెలుస్తుంది. అంతే.

"బాపమ్మా," అంది భావన. "మళ్ల చెప్పు. మొదటికెల్లి."

"తప్పు జెప్పిన్నా?"

"చెప్పు."

చెప్పాను. ఆఖరి వరుస మొత్తం.

"దాని మీది వరుస?"

అదీ చెప్పాను.

"పొద్దున పెట్టిన అట్టది?"

"పొద్దుటిది ఏదే? ఈ తో మొదలైతది, గదా?" చెప్పుకుంటూ పోయాను. నాకు ఒక్క అక్షరం రాయరాదు, చదవరాదు. ఈ అంటే ఎట్లా ఉంటుందో తెలియదు. అది దువ్వెనలా ఉంటుందని ఒకసారి ఎవరో చెప్పారు.

ముందు ఉషకు నవ్వు వచ్చింది. కొంగు నోట్లో కుక్కుకుంది, అయినా ఆగలేదు. తరువాత భావన. కడుపు పట్టుకుని, గోడకు జారగిలబడి నవ్వింది. నేనూ నవ్వాను, ఎందుకో తెలియకుండానే.

"బాపమ్మ పాస్," అంది భావన, నవ్వు మధ్యలో. "అన్నా, మీ ఫ్లెక్సీ మీద బాపమ్మ ఫొటో పెట్టుండ్రి. రేపు పొద్దున యూనిఫాం బాపమ్మకు తొడుగుండ్రి. తారక్ పక్కన బాపమ్మను కూసోబెడదాం."

సురేశ్ నవ్వలేదు.

"గది వేరే, భావన."

"ఏం వేరే?"

"నీకు ఒక్క కన్నన్న మంచిగున్నది. బాపమ్మకు..."

"బాపమ్మకు తీగ కనబడదు. నాకు రెండు కనబడతయి. ఆడ కూసున్నోనికి ఏం వేరే, చెప్పు."

 నవ్వు ఎప్పుడు ఆగిపోయిందో నాకు తెలియలేదు.  పట్టాల మీద మెట్రో పోయింది, కిటికీ అద్దం కదిలింది.

భావన ఫోను తీసింది.

"ఎవలకు?" అన్నాడు సురేశ్.

"తారక్‌కు. రేపు డాక్టర్లకు చెప్పే ముందుగాల ఆనికి చెప్పాలె. ఆని ప్రాణం అది."

"చెల్లే, ఒక్క నిమిషం ఆగు. నీ కాళ్లు మొక్కుత. ఒకపారి నోరు దాటినంక వాపస్ రాదు." వాడు ఫోను మీద చెయ్యి వేశాడు. బలవంతంగా కాదు, ఊరికే వేశాడు. "నేను చెడ్డ జెయ్యాలని జెయ్యలే."

"నాకెర్కే అన్నా."

వాడే చెయ్యి తీశాడు. భావన స్పీకర్ పెట్టి ఫోను నా మంచం మీద ఉంచింది. "అందరు ఇనుండ్రి. మళ్ల మళ్ల చెప్పే ఓపిక లేదు," అంది.

"ఏంటి భావనా, మా అమ్మ వచ్చి వెళ్లిందని ఫిర్యాదా?" తారక్ గొంతులో నవ్వుంది.

"తారక్, పోయిన నెల ఆ కరెంటు తీగ సంగతి. ఎండ కొట్టిందని చెప్పిన గద. అబద్ధం. నాకు తీగ సరిగ కనబడలే. నా కుడి కన్ను ఖరాబైంది. పొర పలుచబడుతున్నదట. మంచిగ కాదట."

అవతల ఎక్కడో ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినిపించింది.

"ఎవరికైనా చెప్పావా?" అన్నాడు తారక్. నవ్వు పోయింది.

"రేపు మెడికల్‌ల చెప్త. అట్ట చదవను. తీగ సంగతి సుత చెప్త."

"కన్ను సంగతి చెప్పు. చెప్పాలి. తీగ సంగతి మాత్రం చెప్పకు."

"ఎందుకు?"

"ఆ సాయంత్రం యూనిట్లో సార్ నన్ను ఒక్కణ్నే పిలిచారు. కింద నుంచి ఎవరో చూశారట, తీగ మీదికి వెళ్లి పక్కకి తిరిగిందని. కంట్రోల్స్ ఎవరి చేతిలో ఉన్నాయని అడిగారు." తారక్ ఆగాడు. "నా చేతిలోనే అని చెప్పాను."

భావన మంచం కోడు పట్టుకుంది.

"ఎందుకు జెప్పినవ్ రా?"

"నీ మెడికల్ దగ్గరికొచ్చిందని. ఏదో అలసటలో జరిగిందనుకున్నాను. నాకు నాలుగు చీవాట్లు పడితే పడతాయిలే అనుకున్నాను. సార్ నమ్మారు. ఇప్పుడు నువ్వు నిజం చెబితే నేను అబద్ధం ఆడినట్టవుతుంది. పైన జరిగిన దాని మీద అబద్ధం చెప్పినవాణ్ని మళ్లీ ఎక్కనివ్వరు భావనా. నీకూ తెలుసు."

"కన్ను ఎప్పటిసంది ఖరాబైందని అడుగుతరు తారక్. ఏం చెప్పాలె నేను?"

"ఈ మధ్యే అని చెప్పు."

"మళ్ల అబద్ధమా?"

 మెట్ల మీద అడుగుల చప్పుడైంది. శివరాములు పైకి వచ్చాడు. ఉష వాడి చెయ్యి పట్టుకుని ఆపింది, మాట్లాడవద్దన్నట్టు.

"ఆడ కూసోని తీగ దాటిచ్చింది నువ్వు," అంది భావన. "నువ్వు లేకుంటె నేను లేను. నిన్నే దింపాల్నా నేను?"

"నేనడగలేదు," అన్నాడు తారక్.  "నేనేమీ అడగట్లేదు. నువ్వు ఆలోచించుకో."

వాడు ఫోను పెట్టేయలేదు. ఇదీ పెట్టేయలేదు. మంచం మీద ఆ చిన్న వెలుగు అలాగే ఉంది. నాకు కనిపించేది అదొక్కటే. చెయ్యి చాపి నా మనవరాలి చేతి కోసం వెతికాను. దొరికింది, చల్లగా ఉంది.

అమ్మా, తెల్లవారాక ఆ పిల్ల వాళ్ల డాక్టర్లకు కన్ను సంగతి చెప్పి నేల మీదికి దిగింది; తీగ గురించి ఏం చెప్పిందన్నది ఇప్పుడు నన్ను అడగకండి. మన గల్లీలో మాత్రం చాలా అనుకుంటారు. చదవలేక పట్టుబడిందంటారు, పక్కవాడి మీదికి తోసిందంటారు, భయపడిందంటారు. అలా అన్నవాళ్లను మీరు ఆపండి. మీ ఆడబిడ్డలకు చెప్పండి, కోచింగులకు పోయే మీ పిల్లలకు చెప్పండి. ఎవరూ అనుమానించకముందే, గట్టెక్కే దారి చేతిలో ఉండగానే, ఆ పిల్ల తనంతట తాను ఫోను చేసి చెప్పింది. నా మంచం మీదే, నేను వింటుండగానే. తారక్ మాట మీ కడుపులోనే ఉంచుకుని, ఈ ఒక్క ముక్క బాగా గుర్తుపెట్టుకుని, తారుమారు కాకుండా చెప్పండి.